ముప్పై రెండో మనిషి

ముప్పై ఒకటో మనిషి కూడా బతికే ఉన్నాడు.

ఆ కబురు ఫోన్లో విన్న వెంకటరామారావు పడక్కుర్చీలో వెనక్కి వాలి, పది రోజుల తర్వాత మొదటిసారి కాళ్ళు చాపుకున్నాడు.

"విన్నారా? ఆఖరివాడు పొద్దున్నే చర్ల ఠాణాకి నడిచొచ్చి, వేలిముద్ర వేసి, టీ తాగి మరీ వెళ్ళాడట. ముప్పై ఒక్క మందీ గుండ్రాళ్ళలా ఉన్నారు."

"మరి ఆ పుర్రె ఎవరిది మావయ్యగారూ?" అంది దీపిక.

అత్త భారతమ్మ చేతిలో చిక్కుడుకాయ టప్పున విరిగింది. భర్త ఉదయ్ భాస్కర్ ఫోన్లోంచి తల ఎత్తలేదు.

"ఎవరిదైతే మనకెందుకమ్మా? మన జాబితాలో వాడు కాదు. మనకు కావలసింది అంతే."

పది రోజుల కిందట ఈ హాల్లోనే, ఈ బల్ల మీదే ఎస్సై కోటేష్ ఆ జాబితా పరిచాడు. చర్ల అడవి అంచున కందకం తవ్వుతున్న జేసీబీకి ఒక పుర్రె, గంపెడు ఎముకలు తగిలాయి. బట్ట పేలిక లేదు, ఉంగరం లేదు, చెప్పు లేదు. పుర్రెను హైదరాబాదు ల్యాబుకి పంపారు. అక్కడ దవడకు ఎక్స్‌రే తీసి సాఫ్ట్‌వేర్‌కి అప్పగించారు. వైద్య శిబిరాల్లో తీసి వెబ్‌సైట్లో ఎక్కించిన వేలాది పళ్ళ ఎక్స్‌రేలను అది ఒక్క పూటలో జల్లెడ పట్టింది. పంటి వేరు పొడవెంత, పన్నుకీ పన్నుకీ మధ్య సందెంత, దవడ వంపెంత, అన్నీ కొలిచి ఈ నోరు ఫలానావాడిదని చెప్పడం దాని పని.

అది ఒక్క పేరు చెప్పలేదు. ముప్పై ఒక్క పేర్లు చెప్పింది. అందరికీ ఒకే మార్కులు వేసింది.

"మనిషికి ముప్పై రెండు పళ్ళుంటయని చదువుకున్న మేడం," అన్నాడు కోటేష్ ఆ రోజు, నవ్వకుండానే. "ఈ పళ్ళకు ముప్పై ఒక్క మంది మనుషులున్నరు. అన్నీ మీ క్లినిక్ కాగితాలే. అన్నిటి కింద మీ సంతకమే."

దీపిక ఆ రోజు దాచలేదు. దాచినా దాగేది కాదు. రెండేళ్ళ కిందట భద్రాచలంలోని తన క్లినిక్‌లో గిరిజన దంత శిబిరం. ట్రాక్టర్లలో జనం దిగారు. సరిగ్గా ఆ పొద్దునే కరెంటు ఎగిరిపడి కొత్త ఎక్స్‌రే మిషన్ నోరు మూసుకుంది. సాయంత్రంలోగా ముప్పై ఒక్క మంది వివరాలూ ఎక్స్‌రేలతో సహా పైకి పోవాలి. మర్నాడు పెద్ద అధికారి వచ్చి, శిబిరం పెట్టించిన మామగారికి శాలువా కప్పాలి.

"మెమరీలో ఒక బొమ్మ చక్కగా ఉంది. దాన్నే అందరికీ అంటిస్తా," అన్నాడు ఉదయ్ అప్పుడు. డాక్టరు దీపికే గాని, క్లినిక్ నడిపేది ఉదయ్. "పళ్ళు లెక్కపెట్టే తీరిక ఎవడికుంది దీపూ? సంతకం పెట్టు."

పెట్టింది. చీకటి పడే వేళకు వేలు నొప్పి పుట్టేలా పెట్టింది. ఒక్క బొమ్మ కూడా విప్పి చూడలేదు.

లెక్కపెట్టే తీరిక సాఫ్ట్‌వేర్‌కి ఉందని అప్పుడెవరికి తెలుసు.

"నాలుగింటికి ఎస్సై వస్తాడు," అన్నాడు ఉదయ్ ఇప్పుడు, తెల్లకాగితం, పెన్ను తెచ్చి ఆమె ముందు పెడుతూ. "వాడికి కావలసింది ఒకటే ముక్క. ఆ బొమ్మ ఎవరిదో రాసివ్వాలి. మిషన్‌తోపాటు కంపెనీవాడు నమూనాగా పంపిన బొమ్మ అని రాయి. కంపెనీ ఎక్కడో, నమూనా ఎవడో. వెతుక్కుంటూ పోతారు."

"నమూనా బొమ్మలోని మనిషి చర్ల అడవిలో ఎలా చచ్చాడంటే?"

"అది పోలీసుల తలనొప్పి."

"అసలా బొమ్మ నాకొకసారి చూపించు ఉదయ్. పది రోజులుగా అడుగుతున్నాను."

"చెప్పాగా, కంప్యూటర్ రిపేరుకిచ్చానని."

"ఎక్కడిచ్చావు?"

"ఖమ్మంలో."

"ఖమ్మంలో ఎక్కడ?"

ఉదయ్ కాగితాన్ని ఇంకొంచెం ఆమె ముందుకు జరిపాడు. భారతమ్మ చిక్కుడుకాయల చాట పక్కకు జరిపి, మధ్యవర్తిలా నిట్టూర్చింది.

"డాక్టరు కోడలొస్తే ఇంటికి పేరొస్తుందని ఊరంతా అన్నారు. పుర్రెలొస్తాయని ఎవరూ అనలేదు. రాసిచ్చెయ్యి తల్లీ. అన్నాలు తిందాం."

దీపిక పెన్ను తీసుకుంది. వీళ్ళు చెప్పేదాంట్లో ఒక నిజం ఉంది. నమూనా అని రాస్తే శిబిరం తప్పు ఒక్కటే మిగులుతుంది. మందలింపుతో బయటపడొచ్చు. క్లినిక్ నిలుస్తుంది. ఐదేళ్ళ పాప బడి నుంచి వచ్చేసరికి ఇల్లు ఇల్లులాగే ఉంటుంది.

"మా క్లినిక్ ఎక్స్‌రే యంత్రంతోపాటు కంపెనీ వారు పంపిన నమూనా చిత్రమును..." అని రాసింది.

బల్ల మీద ఆమె ఫోను మోగింది. కోటేష్ వాట్సాప్‌లో పంపాడు.

"మేడం, ల్యాబోళ్ళు ఇప్పుడే పంపిన్రు. మీ ఫైళ్ళల్ల ఉన్న ఎక్స్‌రే ఇదే. ఎవరిదో యాదికొస్తదేమో ఒక్కసారి చూడుండ్రి."

దీపిక బొమ్మ తెరిచింది.

ముఖాలను ఆమె ఇట్టే మరిచిపోతుంది. సంతలో పలకరించినవాళ్ళని గుర్తుపట్టక ఎన్నోసార్లు చీవాట్లు తింది. నోళ్ళు మాత్రం మరిచిపోదు. నల్లటి బొమ్మలో తెల్లటి పళ్ళు ఎడమ నుంచి కుడికి వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్క పుచ్చు లేదు, ఒక్క సందు లేదు. కింది వరస చివర మాత్రం జ్ఞానదంతం నిలబడలేదు. ఎముకలో అడ్డంగా, ముడుచుకుని పడుకుంది.

ఆ పన్ను ఆమెకు తెలుసు.

శిబిరానికి ముందు రోజు. మిషన్ బిగించారు. పని చేస్తుందో లేదో చూడాలి. క్లినిక్ ముందు ట్రాక్టరు ఆపుకుని కూర్చున్న మనిషిని పిలిచి నిలబెట్టారు. గడ్డం ఆనించి, పుల్ల కొరికి, మిషన్ తల చుట్టూ తిరుగుతుంటే కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. బొమ్మ వచ్చాక దీపిక ఆ పన్ను చూపించింది. "ఇది ఎప్పటికైనా ఏడిపిస్తుంది గోపాలూ. ఒకరోజు రా, తీసేస్తాను."

"పండుకున్నదాన్ని లేపుడెందుకు డాక్టరమ్మా," అని నవ్వాడు. "పండుకోనియ్యిండ్రి."

రెండు నెలలకు గోపాలు కనబడకుండా పోయాడు. మిరపకాయ కోతలకు ఛత్తీస్‌గఢ్ వెళ్ళాడని, అక్కడే ఎవరినో చేసుకున్నాడని ఈ ఇంట్లోనే చెప్పుకున్నారు.

దీపిక ఫోను బల్ల మీద బోర్లా పెట్టింది.

"ఇది మన గోపాలుది," అంది.

పెరట్లోంచి మిరపకాయల ఘాటు గాలితోపాటు లోపలికొచ్చింది. ఎవరికీ దగ్గు కూడా రాలేదు.

"ఏ గోపాలు?" అన్నాడు వెంకటరామారావు చివరికి.

"పదేళ్ళు మీ ట్రాక్టరు నడిపిన గోపాలు."

"అడ్డంగా మొలిచే పన్ను లక్షమందికి ఉంటుంది," అన్నాడు ఉదయ్.

"పన్ను గురించి నేనేమీ అనలేదే. నీకెలా తెలుసు?"

ఉదయ్ ఫోను జేబులో పెట్టుకున్నాడు. "నువ్వే చెప్పావు. అప్పుడెప్పుడో."

వెంకటరామారావు లేచి పెరటి తలుపు దగ్గరకు వేసి వచ్చాడు. గొంతు తగ్గించాడు. ఆయన గొంతు తగ్గిస్తే ఆ ఇంట్లో పిల్లి కూడా పక్కకు తప్పుకుంటుంది.

"అమ్మా దీపికా, కూర్చో. గుంటూరు నుంచి మా నాన్న ఒక రేకు పెట్టెతో వచ్చాడు. ఈ పొలం రాళ్ళేరి చేశాం. ఏజెన్సీలో గిరిజనుల పేరు మీద తప్ప మన పేరు మీద భూమి ఎక్కదు. అందుకని కాగితం మీద అది గోపాలుది. నీకు తెలుసు, ఊరందరికీ తెలుసు. వాడు దేశం మీద పోయాడన్నంత వరకు కాగితం కదలదు. చచ్చాడని తేలిన రోజున భూమి ఆ యశోద పేరుకి నడుచుకుంటూ పోతుంది."

"పోతే పోనివ్వండి. ఆమె మొగుడిది."

"నీ సంతకం విలువా పోతుంది. ముప్పై ఒక్క దొంగ కాగితాలు పెట్టిన డాక్టరమ్మ మాట ఎవడు నమ్ముతాడు? నీ బోర్డు దించేస్తారు. దొంగ డాక్టరు కూతురని నీ పిల్లని బళ్ళో వేలెత్తి చూపిస్తారు. ఇంతా చేసి నీ చేతిలో ఆధారం ఏముంది? ఆ బొమ్మ గోపాలుదని నీ నోటి మాట తప్ప?"

"కంప్యూటర్లో ఉంటుంది. తేదీతో, పేరుతో ఉంటుంది. నేనే టైపు చేశాను."

మామగారు కొడుకు వంక చూశాడు. ఉదయ్ గోడ వంక చూశాడు.

"రిపేరు కాలేదు," అన్నాడు. "అందులోవన్నీ పోయాయట."

దీపిక తను రాసిన కాగితం వంక చూసింది. నమూనా చిత్రమును, అన్న మాట దగ్గర సిరా ఇంకా తడిగానే ఉంది. ఎప్పుడో ఒకప్పుడు చేతికి అంటుకునేదే కదా అనుకుంది. అన్నం తినకుండానే లేచి, ఫోను బొడ్డున దోపుకుని, చెంబుతో నీళ్ళు తీసుకుని పెరట్లోకి నడిచింది.

"ఎక్కడికే?" అంది భారతమ్మ.

"తొడిమలు తీస్తున్న మనిషికి మంచినీళ్ళిస్తే నేరమా అత్తయ్యా?"

కళ్ళంలో ఎర్రటి రాసి పక్కన యశోద ఒక్కతే కూర్చుని ఉంది. మిగతా కూలీలు అన్నాలకు వెళ్ళారు. చీర కొంగు ముక్కుకు చుట్టుకుని, రెండు వేళ్ళతో తొడిమ తుంపి కాయ ఒక పక్కకు, తొడిమ ఒక పక్కకు వేస్తోంది. నెలకోసారి చర్ల అవతలి గూడెం నుంచి వస్తుంది. నాలుగు రోజులు పని చేస్తుంది. వెళ్ళేటప్పుడు భారతమ్మను ఒకే మాట అడుగుతుంది, ఆయన కబురేమన్నా తెలిసిందా అని. లేదంటుంది భారతమ్మ. కూలి కాక ఒక కుంచెడు బియ్యం ఆమె కొంగులో పోస్తుంది.

యశోద చెంబు ఎత్తి గటగటా తాగింది.

"తిన్నవా డాక్టరమ్మా? మొఖం గట్లున్నదేంది?"

"తినలేదు. ఊళ్ళో అంతా బాగేనా?"

"ఏం బాగు. మొన్న పెద్దమనుషులు కూసున్నరు. నా నోటికి జడిసే ఆయన పోయిండని తేల్చిండ్రు. నా చేతి నీళ్ళు ఎవలూ తాగొద్దంట." చెంబు అడుగున మిగిలిన నీళ్ళను కాళ్ళ మీద పోసుకుంది. "సచ్చిండని తెలిస్తే దినం జేస్తం. డోలు గొట్టిస్తం. సచ్చిన వాళ్ళోళ్ళ రాళ్ళ పక్కన ఆయన పేర ఒక రాయి నిలబెడ్తం. ఉన్నడంటే ఉన్నడని ఊకుంటం. గీ రెండూ గాకపాయె. మా అత్త ఎర్రమ్మ రోజూ మాపు ఒక ముద్ద తీసి దుత్తల పెడ్తది. పొద్దుగాల కోళ్ళకేస్తది. రెండేండ్ల సంది మా కోళ్ళే ఆయన కూడు తింటున్నయి."

దీపిక ఖాళీ చెంబు అందుకుంది. "పోలీసులకు అప్పుడు చెప్పలేదా?" అంది.

"ఎందుకు చెప్పలే? ఠాణాకు మూడు దినాలు తిరిగిన. ఆధార్ కార్డు తెమ్మన్నరు. ఆయన కార్డు, పట్టా బుక్కు అన్నీ మీ ఇనుప బీరువాలనే ఉండె గద. ఆ బుక్కు అడిగి తెస్తనని మీ ఇంటికొచ్చిన దినమే ఆయన కానరాకుండ పాయె. ఫోను ఆయనతోనే పాయె. ఫొటో తెమ్మన్నరు. తీసుకపోయి చూపిచ్చిన."

"ఏ ఫొటో?"

"మీరిచ్చిందే."

యశోద చేతులు కొంగుకు తుడుచుకుని, చెట్టుకొమ్మకు తగిలించిన సంచి దించింది. లోపల పాత చీర ముక్క, దాని లోపల ఎరువుల సంచి కవరు, దాని లోపల...

దీపిక మిరపకాయల పక్కనే కూలబడింది.

ఆ రోజు ప్రింటరు పని చేస్తుందో లేదో చూద్దామని ఒక ఫిల్మ్ తీసింది. అవతల పడేయబోతుంటే గోపాలు చేయి చాపాడు. "నా బొమ్మనా అది? నాకియ్యిండ్రి డాక్టరమ్మా." ఇచ్చింది. ఇచ్చిన సంగతి ఆ సాయంత్రానికే మరిచిపోయింది.

"ఇంట్ల గోడకు పెట్టిండు," అంది యశోద. "ఎవరొచ్చినా చూపెడుతుండె. లోపలి గోపాలును చూడుండ్రి అంటుండె. గిప్పుడు నేను పట్టుక తిరుగుతున్న. ఛత్తీస్‌గఢ్ పోయి కుంట బస్టాండ్ల చూపిచ్చిన, సుక్మా సంతల చూపిచ్చిన, మిర్చి కోసే కాడ మేస్త్రీలకు చూపిచ్చిన. ఈయన కనబడ్డడా అన్న. నవ్విండ్రు. పిచ్చిదన్నరు. ఎముకలను జూసి మనిషిని ఎట్ల గుర్తుపడ్తరే అన్నరు."

"ఠాణాలో?"

"ఆడ గూడ నవ్విండ్రు. ఫొటో లేదు అని రాసుకొని పొమ్మన్నరు."

దీపిక ఫిల్మ్‌ను రెండు చేతులతో ఎత్తి ఎండకు పెట్టింది. రెండేళ్ళు సంచుల్లో తిరిగి అంచులు నలిగాయి. పళ్ళ వరస మాత్రం నలగలేదు. కింద చివర, పడుకున్న పన్ను పడుకునే ఉంది. పై మూలన క్లినిక్ పేరు, తేదీ. తేదీ పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో ఆమె టైపు చేసిన పేరు. గోపాలు.

"ఇలా ఇవ్వమ్మా."

వెనక నుంచి వచ్చిన గొంతు వెంకటరామారావుది. ఆయన చేయి చాపి ఉన్నాడు. ఆయన వెనక ఉదయ్. గుమ్మంలో భారతమ్మ.

"ఇవ్వు. చూసి ఇచ్చేస్తాను."

"దూరం నుంచి చూడండి మావయ్యగారూ. అంత దూరం నుంచీ కనిపిస్తుంది."

"దీపూ," అన్నాడు ఉదయ్. "పాప గురించి ఆలోచించు."

"ఆలోచిస్తున్నాను."

ఆమె ఫిల్మ్‌ను జాకెట్టు లోపలికి తోసుకుని, ఫోను తీసింది. కోటేష్ రెండో రింగుకే ఎత్తాడు.

"నాలుగింటి దాకా ఆగకండి ఎస్సై గారూ, ఇప్పుడే రండి. నమూనా అని సగం రాశాను. అది అబద్ధం. ముప్పై రెండో మనిషి పేరు చెప్తాను. ఫిల్మ్ నా దగ్గరుంది. మీ ఠాణాలో రెండేళ్ళ కిందట ఫొటో లేదని రాసిన ఫిర్యాదు ఒకటుంటుంది. అది కూడా తీసుకురండి."

"జీపు తీస్తున్న మేడం," అన్నాడు కోటేష్. "మీరు ఆ ఫిల్మ్ ఎవరి చేతికీ ఇయ్యకుండ్రి."

యశోద లేచి నిలబడింది. ఆమె చీర మడతల్లోంచి తొడిమలు జలజలా రాలాయి.

"ఎవల గురించి డాక్టరమ్మా?"

దీపిక ఆమె రెండు చేతులూ పట్టుకుంది. కారం అంటి చురుక్కుమంది. వదల్లేదు.

"యశోదా, గోపాలు దొరికాడు."

"ఏడ?"

"మీ ఊరి దారిలోనే. కందకం తవ్వుతుంటే."

యశోద ఏడుస్తుందని, గుండెలు బాదుకుంటుందని అనుకుంది దీపిక. యశోద ఆ పని చేయలేదు. గూడెంలో రేపు ఎవరికి ఏ మాట చెప్పాలో పేర్చుకుంటున్నట్టు పెదాలు కదిపింది. "అయితే ఛత్తీస్‌గఢ్ పోనే పోలే," అంది మెల్లగా. "మల్ల గీ ఇంట్లకెళ్ళి పోయినోడు మా ఇంటికి రానే లేదు."

అప్పుడు తల ఎత్తి గుమ్మం వైపు నడిచింది. వెంకటరామారావును దాటింది. ఆయన తప్పుకున్నాడు. భారతమ్మకు రెండడుగుల దూరంలో ఆగింది.

"అమ్మా, ఒక్క మాట అడుగుత. గీ ఊర్ల ఎందరో పనిజేస్తరు. ఎవలకూ గింజ ఎక్కువ పెట్టవు. నాకు నెలనెలా కుంచెడు బియ్యం ఎందుకు పోసినవ్?"

ఎవరేమడిగినా జవాబు నాలుక చివర ఉండే మనిషి భారతమ్మ. ఈసారి నోరు తెరిచింది, మాట రాలేదు.

రెండేళ్ళుగా ఎవరి పాపానికి ఆ బియ్యం కొలిచిందో ఆమె కళ్ళే చెప్పేశాయి.

అవి చూసింది భర్త వైపు కాదు. కొడుకు వైపు.